పేరు లేని పనివాడు: కోలారు బంగారు గనుల తొలి దినాలు

(రైల్వే, తపాలా ఉద్యోగుల కొరకు సమాఖ్య నిర్వహించిన అధ్యయన తరగతిలో చేసిన ఉపన్యాసపాఠం)



గ్రామసీమలలో తొలి పరిశ్రమలు ఎట్లా పుట్టాయి, అక్కడ పని ఎట్లా ఉండేది అనే విషయంపై మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. విషయం మిక్కిలి విశాలమైనది. రాణీగంజ్ బొగ్గు గనులు, అస్సాం తేయాకు తోటలు, మన సింగరేణి, వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క దినం కేటాయించినా చాలదు. అందువలన ఒక్క ప్రదేశాన్నే తీసుకుంటాను. అది కోలారు బంగారు గనుల ప్రాంతం. కన్నడ దేశంలో ఉన్నా, తెలుగూ తమిళమూ ఇంటి భాషలుగా గల నేల అది. రైలు కమ్మీ, తపాలా కచేరీ లేనిదే ఆ గనుల కథ లేదు. కనుక అది మన కథ కూడా.

వినేటప్పుడు ఒక్క ప్రశ్నను మనస్సులో ఉంచుకోవలసిందిగా కోరుతున్నాను. పనిచేసే మనిషి పేరు ఎవరి పుస్తకంలో ఉన్నది? అది ఎందుకొరకు వ్రాయబడినది?

కరవు సిద్ధపరచిన కూలీలు

కోలారు సీమ మెట్ట ప్రాంతం. పాలారు ఏరు సంవత్సరంలో ఎక్కువ కాలం ఇసుకగానే ఉంటుంది. చెరువు నిండితే వరి, నిండకపోతే రాగి. ఆ నేలలో బంగారం ఉన్నదన్న సంగతి అక్కడి పల్లెల వారికి తరతరాలుగా తెలుసు. 1802లో మైసూరు సరిహద్దులు కొలవడానికి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, ఊరిగాం, మారికుప్పం గ్రామాల పరిసరాలలో జనం మట్టిని కడిగి బంగారపు రేణువులు తీయడాన్ని చూసి నివేదిక వ్రాశాడు. 1870లలో మైకేల్ లవెల్ అనే విశ్రాంత సైనికుడు మైసూరు ప్రభుత్వం నుండి త్రవ్వకపు హక్కు సంపాదించాడు. 1880లో లండన్ నగరానికి చెందిన జాన్ టైలర్ అండ్ సన్స్ సంస్థ రంగప్రవేశం చేసింది. మొదటి సంవత్సరాలలో నష్టమే మిగిలింది. మైసూరు గనిలో సారవంతమైన రాతిపట్టె దొరికిన తరువాత మాత్రమే స్థితి మారింది. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం అనే నాలుగు గనులు కాలక్రమంలో ప్రధానమైనవిగా నిలిచాయి.

గనికి యంత్రాలు లండన్ నుండి వచ్చాయి. మనుషులు ఎక్కడి నుండి వచ్చారు? దీనికి జవాబు కావాలంటే గనికంటే కొద్ది సంవత్సరాలు వెనుకకు పోవాలి. 1876-78 మహాక్షామం దక్షిణ దేశాన్ని నేలమట్టం చేసింది. మైసూరు రాజ్యపు జనసంఖ్య 1871 లెక్కలలో సుమారు 50 లక్షలు. 1881 లెక్కలలో అది సుమారు 42 లక్షలకు పడిపోయింది. అవతల ఉత్తర ఆర్కాటు, సేలం, కడప జిల్లాలలోనూ ఇదే గోస. తరువాతి కాలంలో చిత్తూరు జిల్లాగా ఏర్పడిన సీమలో పెద్ద భాగం నాడు ఉత్తర ఆర్కాటులోనే ఉండేది. పశువులు చచ్చి, విత్తనాలు తిని, అప్పులలో మునిగిన కుటుంబాలకు ఊరిలో నిలబడే ఆధారం లేకుండా పోయింది. కంపెనీ వారు కూలీల కొరకు వెదకుతూ వచ్చేనాటికి కరవు తన పని ముగించి ఉన్నది.

ఇందులో మరొక అంశం ఉన్నది. గనిలోకి దిగినవారిలో అత్యధికులు భూమి లేని దళిత కుటుంబాలవారు. ఊరిలో వారి శ్రమకు ధాన్యపు గింజలే కూలి, ఆసామి మాటే చట్టం. గనిలో ప్రాణభయం ఉన్నది, కాని చేతికి రొక్కం వచ్చేది. ఊరి బావి దగ్గర అవమానం లేదు. అందుచేత గనిని కేవలం నరకమని వర్ణించి ఊరుకోవడం సత్యం కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాలలోనే అయోతీదాస్ పండితుడు స్థాపించిన బౌద్ధ సంఘానికి మారికుప్పంలో శాఖ ఏర్పడింది. చదువు, ఆత్మగౌరవం అనే మాటలు ఆ కూలీల వాడలలో వినబడడానికి ఊరి కట్టుబాట్ల నుండి దూరమైన ఆ బ్రతుకు కొంత కారణం. ఝరియా, రాణీగంజ్ ప్రాంతాలలో అనేకమంది కూలీలు పంటల కాలంలో ఊళ్లకు మరలిపోయేవారు. కోలారులో చాలా కుటుంబాలకు మరలిపోవడానికి గుంట భూమి అయినా లేదు. వారు అక్కడే స్థిరపడి, తండ్రి వెంట కొడుకు గనిలోకి దిగారు.

రైలు, తపాలా, విద్యుత్తు

1864 నాటికే మద్రాసు రైల్వే వారి మార్గం జోలార్‌పేట నుండి బెంగుళూరు చేరింది. ఆ మార్గం మీది బౌరింగ్‌పేట నుండి, అనగా నేటి బంగారపేట నుండి, 1894లో మారికుప్పానికి పది మైళ్ల శాఖామార్గం వేశారు. అంతవరకు బరువైన యంత్రభాగాలు ఎద్దుబండ్ల మీద సాగవలసి వచ్చేది. ఆ పది మైళ్ల కమ్మీ వచ్చిన తరువాత బొగ్గు, కలప, యంత్రాలు నేరుగా గని ముఖానికి చేరాయి. కూలీలు కూడా చేరారు.

తపాలా సోదరులకు ఒక మాట. మన దేశంలో తపాలా శాఖ మనియార్డరు పనిని చేపట్టింది 1880 జనవరిలో. టైలర్ కంపెనీ కోలారుకు వచ్చిన సంవత్సరం కూడా అదే. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. కాని కడుపు ఒక చోట, కుటుంబం ఒక చోట ఉండే వలస కూలి జీవితం దేశమంతటా విస్తరించడానికి ఆ చిన్న ఫారం ఎంత తోడ్పడిందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఫారం మీద పంపేవాని పేరు, ఊరు ఉంటాయి. కంపెనీ పుస్తకంలో చోటు లేని అనేకమందికి తపాలా కచేరీలోనే తమ పేరు వ్రాయబడేది.

1902లో కావేరి నదిపై శివసముద్రం వద్ద ఉత్పత్తి అయిన విద్యుచ్ఛక్తి 92 మైళ్ల తీగల ద్వారా గనులకు చేరింది. అంత దూరం విద్యుత్తును పంపిన మార్గాలు ఆనాడు ప్రపంచంలోనే అరుదు. బెంగుళూరు నగరంలో విద్యుద్దీపాలు వెలిగినది 1905లో. అనగా రాజధానికంటే మూడు సంవత్సరాలు ముందుగా గనికి విద్యుత్తు అందింది. ఆ వెలుగులో కూలీల భాగం ఎంత? అధికారులకు బంగళాలు, క్లబ్బులు, ఆటస్థలాలు ఏర్పడ్డాయి. ఆ ప్రాంతాన్ని చిన్న ఇంగ్లండు అని పిలిచేవారు. కూలీలకు వెదురు తడికల గుడిసెల వరుసలు. పరిశ్రమ గ్రామానికి వచ్చినంత మాత్రాన ప్రగతి అందరికీ ఒకే సమయంలో రాదని ఈ ఉదాహరణ చెబుతున్నది.

కంట్రాక్టరు పుస్తకం

ఇక పనిని గురించి. బోనులో నిలబడి పాతాళానికి దిగాలి. కఠినమైన పలుగురాతిలో రంధ్రాలు వేయాలి. తొలినాళ్లలో ఉలి, సమ్మెట. తరువాత గాలి ఒత్తిడితో నడిచే యంత్రాలు వచ్చాయి. రంధ్రంలో మందు కూరి పేల్చి, ముక్కలను తొట్లకు ఎత్తి పైకి పంపాలి. పైన ఇనుప రోకళ్ల వంటి యంత్రాలు ఆ రాతిని పిండి చేసేవి. పాదరసంతో, తరువాత సైనైడు ద్రావకంతో బంగారాన్ని వేరు చేసేవారు. పై స్థానాలలో ఇంగ్లండు లోని కార్న్‌వాల్ నుండి వచ్చిన గని నిపుణులు, వారి క్రింద ఐరోపావారు, ఆంగ్లో ఇండియన్లు. అట్టడుగున మన కూలీలు.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దంలో గనులలో పనిచేసేవారి సంఖ్య ఇరవై వేలకు మించింది. వారిలో పెద్ద భాగం కంపెనీ నేరుగా నియమించుకొన్నవారు కారు, కంట్రాక్టరు మనుషులు. ఈ పద్ధతి ఎట్లా పనిచేస్తుందో విడదీసి చూద్దాం. మేస్త్రీ పల్లెకు పోయి బయానా ఇచ్చి మనుషులను పోగుచేస్తాడు. కంపెనీ ఇన్ని అడుగుల త్రవ్వకానికి ఇంత అని కంట్రాక్టరుకు చెల్లిస్తుంది. కంట్రాక్టరు తన లాభం, మేస్త్రీ భాగం, పాత బయానా బాకీ మినహాయించుకొని మిగిలినది కూలీకి ఇస్తాడు. కంపెనీ లెక్కలలో కనబడేది అడుగులు, టన్నులు, రూపాయలు. మనిషి కనబడడు. అతని పేరు ఉంటే కంట్రాక్టరు పుస్తకంలో, అదీ బాకీదారుగా ఉంటుంది.

ఈ పద్ధతి వలన యాజమాన్యానికి మూడు లాభాలు. పని తగ్గిన దినాన ఎవరినీ తొలగించనక్కరలేదు, కంట్రాక్టును ఆపితే చాలు. కూలి తక్కువని ఎవరైనా అడిగితే కంట్రాక్టరును అడగమని చెప్పవచ్చు. పైకప్పు రాయి కూలి మనిషి చనిపోతే అతడు మా ఉద్యోగి కాడని అనవచ్చు. పని కంపెనీది, బంగారం కంపెనీది, ప్రమాదం మాత్రం కూలీది. ఈ మూడు లాభాలు నేటికీ ఎక్కడెక్కడ ఎవరెవరు అనుభవిస్తున్నారో ఆలోచించండి. ఆ చర్చకు తరువాత వస్తాను.

వేలిముద్ర

మనిషి ముఖం చూడని యాజమాన్యం ఒక్క విషయంలో మాత్రం ప్రతి మనిషినీ విడివిడిగా తెలుసుకోవాలనుకొన్నది. అది బంగారం దొంగతనం. 1897 నాటి మైసూరు గనుల రెగ్యులేషన్ మొదలు, బంగారం రక్షణ పేరిట కఠినమైన నిబంధనలు వచ్చాయి. పని ముగించి పైకి వచ్చిన మనిషిని సోదా చేయడం నిత్యకృత్యమైంది. గనులపై వచ్చే రాయల్టీ మైసూరు సంస్థానానికి ముఖ్యమైన ఆదాయం కనుక ప్రభుత్వమూ కంపెనీ పక్షానే నిలిచింది.

1930లో గని కార్మికులందరూ వేలిముద్రలు ఇచ్చి నమోదు కావాలన్న నిబంధనను అమలు చేయబూనారు. ఏప్రిల్ నెలలో కార్మికులు పని నిలిపివేశారు. సుమారు మూడు వారాలు గనులు స్తంభించాయి. ఆనాడు అక్కడ చట్టం గుర్తించిన కార్మిక సంఘం ఒక్కటి కూడా లేదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ చట్టం బ్రిటిష్ ఇండియాకు వర్తించేది, సంస్థానాలకు కాదు. మైసూరులో సంఘాలకు చట్టబద్ధమైన గుర్తింపు 1940లలో మాత్రమే వచ్చింది. సంఘం లేకుండా, నిధి లేకుండా, వేలాదిమంది మూడు వారాలు ఏకమై నిలబడ్డారంటే దాని వెనుక ఎంత బాధ ఉండాలి!

కొందరు దీనిని అజ్ఞానుల భయంగా కొట్టిపారేస్తారు. నేను అంగీకరించను. కలకత్తాలో 1897లో వేలిముద్రల కార్యాలయం నెలకొన్నది నేరస్థులను గుర్తుపట్టడానికి. ఆ పద్ధతినే గనిలోకి తెచ్చి, ఇది పనిచేసే ప్రతి మనిషికీ అంటే, ఆ మనిషి ఏమని అర్థం చేసుకోవాలి? అంతేకాదు. ఒక గనిలో మేస్త్రీతో తగవుపడి బయటికి వచ్చినవాడు అంతవరకు మరొక గనిలో పని వెదుక్కోగలిగేవాడు. ముద్ర ఒకసారి పుస్తకానికి ఎక్కితే నాలుగు గనుల తలుపులూ ఒక్కసారే మూసుకుంటాయి. కార్మికుడు ఈ లెక్క సరిగానే వేశాడు. కూలి ఇవ్వడానికి, ప్రాణం కాపాడడానికి అతని పేరు అక్కరలేకపోయింది. అనుమానించడానికి మాత్రం అతని బొటనవ్రేలు కావలసి వచ్చింది. వారు ఎదిరించింది నమోదును కాదు, ఆ నమోదు యొక్క ఉద్దేశాన్ని.

ఊపిరితిత్తులు చెప్పిన సాక్ష్యం

ఉద్దేశం మారితే అదే నమోదు కార్మికునికి ఆయుధం ఎట్లా అవుతుందో ఇప్పుడు చూద్దాం.

పలుగురాతిని తొలిచేటప్పుడు లేచే సన్నని ధూళి కంటికి కనబడదు. అది ఊపిరితిత్తులలో చేరి సంవత్సరాల తరబడి అక్కడే ఉండి, వాటిని గట్టిపరుస్తుంది. దానిని సిలికోసిస్ అంటారు. మనిషి మెట్టు ఎక్కలేడు, మాట పూర్తి చేయలేడు. చివరకు క్షయ కూడా తోడవుతుంది. రాయి మీద పడితే ఆ దినమే తెలుస్తుంది. ధూళి చంపేది పది, పదిహేను సంవత్సరాల తరువాత. అప్పటికి కార్మికుడు ఊరికి చేరి ఉంటాడు, కంట్రాక్టరు మారి ఉంటాడు. 1940 నాటి మైసూరు నిబంధనలు ఈ వ్యాధిని పరిహారానికి అర్హమైనదిగా అంగీకరించాయి. 1940-46 మధ్య జరిగిన వైద్యపరీక్షలలో పరీక్షింపబడిన వేలాదిమంది గని కార్మికులలో నూటికి నలభై మందికి పైగా ఈ వ్యాధి చిహ్నాలు కనబడ్డాయి.

పరిహారం కావాలంటే ఏమి చూపాలి? ఏ గనిలో, ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు భూగర్భంలో పనిచేశాడో చూపాలి. మరణించిన భర్త తరఫున ఒక వితంతువు వచ్చి నిలబడితే ఆమె చేతిలో ఏ కాగితం ఉన్నది? కంపెనీ హాజరుపట్టీలో పేరు ఉన్నవాని కుటుంబానికి కొంత ఆధారం దొరుకుతుంది. కంట్రాక్టరు మనిషిగా బ్రతుకు వెళ్లదీసినవాని కుటుంబానికి ఏమీ మిగలదు. ఒకే షాఫ్టులో, ఒకే ధూళి పీల్చిన ఇద్దరిలో ఒకడు రోగి, మరొకడు ఎవరూ కాదు. 1930లో ఏ నమోదు అవమానంగా కనబడిందో, తరువాతి దశాబ్దాలలో కార్మికుడు ఆ నమోదునే, హాజరు రూపంలో, సర్వీసు రూపంలో, వైద్యపరీక్ష రూపంలో, హక్కుగా అడిగాడు. ఇందులో వైరుధ్యం లేదు.

1956లో గనులు మైసూరు ప్రభుత్వపరమైనాయి, 1962లో కేంద్రప్రభుత్వానికి సంక్రమించాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడింది. లోతు మూడు కిలోమీటర్లు దాటింది. ఆ లోతులో రాతి వేడిమి 60 డిగ్రీలకు పైమాట. ఒత్తిడికి రాయి తనంతట తానే బ్రద్దలయ్యేది. బంగారం తగ్గి ఖర్చు పెరిగి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నూట ఇరవై సంవత్సరాలలో ఆ నేల నుండి వెలికివచ్చిన బంగారం సుమారు 800 టన్నులు. అక్కడ మిగిలినవి సైనైడు కలిసిన ధూళి దిబ్బలు, ఉద్యోగం పోయిన కుటుంబాలు. ఒకనాడు కూలీలను గనికి తెచ్చిన ఆ శాఖామార్గం మీదనే ఇప్పుడు వేలాదిమంది తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరుకు పనికి పోతున్నారు. వారిలో ఎందరు ఎవరి పుస్తకంలో ఉన్నారో ఎవరైనా విచారించాలి.

మన ఇంటి విషయం

మిత్రులారా, కోలారు కథ విని జాలిపడి ఇంటికి పోవడానికి మనం ఇక్కడ చేరలేదు. రైల్వేలో, తపాలాలో పేరు లేని పనివాడు ఉండలేదా?

రైలుమార్గాలు వేసిన, మరమ్మతు చేసిన క్యాజువల్ కార్మికులు దశాబ్దాల పాటు దినకూలీలుగానే ఉండిపోయారు. వారిని స్థిరపరచాలన్నది 1974 మే నెల రైల్వే సమ్మె కోరికలలో ఒకటి. 1985లో ఇందర్ పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది ప్రాజెక్టు క్యాజువల్ కార్మికుల సమస్యే. 360 దినాలు నిరంతరంగా పనిచేసినవారికి తాత్కాలిక హోదా ఇచ్చే పథకం ఆ సందర్భంలో రూపుదిద్దుకొన్నది. డివిజన్ల వారీగా, పనిచేసిన కాలాన్ని బట్టి జాబితా తయారుచేయమని కోర్టు ఆదేశించింది. గమనించండి, ఆ తీర్పు అమలు కావాలంటే మొదట కావలసినది జాబితా! పాత మస్టరు రోలు దాచుకొన్న గ్యాంగు మనిషి నిలబడ్డాడు. కాగితం లేనివాడు ఎండలో పనిచేసిన దినాలను ఎండ వచ్చి సాక్ష్యం చెప్పలేదు.

తపాలాలో పల్లెపల్లెకూ ఉత్తరం చేర్చిన ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ ఏజెంటు పేరులోనే శాఖకు వెలుపలివాడనే ముద్ర ఉన్నది. 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు, వారిది కూడా సివిల్ పదవియేనని, రాజ్యాంగం 311వ అధికరణం రక్షణ వారికీ ఉన్నదని తీర్పు చెప్పింది. కంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ, రద్దు చట్టం 1970లోనే వచ్చింది. అయినా గ్రామీణ డాక్ సేవకులు సాధారణ ఉద్యోగులతో సమానమైన హోదా కొరకు అడుగుతూనే ఉన్నారు. స్టేషన్లలో, యార్డులలో, కార్యాలయాలలో శుభ్రపరచే పని, మోసే పని కంట్రాక్టరు మనుషుల చేతిలోనే ఉన్నది.

పర్మనెంటు ఉద్యోగులమైన మనం ఆ మనిషి పేరు తెలుసుకోకుండా ప్రక్కన నడిచిపోతే, 1900 నాటి కంపెనీ పుస్తకానికీ మనకూ భేదం ఏమున్నది? అందువలన ప్రతి శాఖ తన పరిధిలో ఈ క్రింది విషయాలు విచారించాలని నా ప్రార్థన. కంట్రాక్టు కార్మికునికి గుర్తింపు కార్డు ఉన్నదా? హాజరుపట్టీలో అతని దినాలు సరిగా ఎక్కుతున్నాయా? భవిష్యనిధి సంఖ్య అతని చేతికి వచ్చిందా, కంట్రాక్టరు సంచిలోనే ఉన్నదా? గాయపడితే ఆ సంగతి ఎక్కడ వ్రాస్తున్నారు? కంట్రాక్టరు మారినప్పుడు అతని పాత సర్వీసు ఏమవుతున్నది? ఈ అయిదింటికీ జవాబు సేకరించడానికి సమ్మె అక్కరలేదు, చందా అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, వారానికి ఒక గంట చాలు.

నేడు వేలిముద్రకు తోడు ముఖాన్ని గుర్తించే యంత్రాలు కూడా పనిచోట్లకు వస్తున్నాయి. వాటిని చూడగానే వద్దనడమూ సరి కాదు, వెంటనే సరే అనడమూ సరి కాదు. కోలారు కార్మికుడు 1930లో అడిగిన ప్రశ్ననే మనమూ అడగాలి. ఈ నమోదు నన్ను పట్టుకోవడానికా, నాకు రావలసినది నాకు ఇవ్వడానికా? ఆలస్యానికి జీతం కోసే యంత్రం, అధిక సమయం పనిచేసిన దినాన అదనపు వేతనం కూడా లెక్క కట్టుతుందా? కట్టేటట్లయితే స్వాగతం చెబుదాం. కట్టనట్లయితే సంఘం ఆ యంత్రం ముందు కాదు, దానిని పెట్టినవారి ముందు నిలబడాలి.